నొప్పుల కోసం ఆగాలా, తెప్పించుకోవాలా

గర్భంతో వచ్చిన షుగర్ ఉన్నప్పుడు నొప్పులు వాటంతట అవి వచ్చేదాకా ఆగాలా, మందులతో తెప్పించుకోవాలా అన్న ప్రశ్న మా ఇంట్లో చాలా రోజులు నలిగింది. హనుమకొండలో నన్ను చూస్తున్న డాక్టరమ్మ వివరంగా చెప్పారు: ఆహార నియమంతోనే షుగర్ అదుపులో ఉంటే 40 వారాల 6 రోజుల వరకు ఆగవచ్చు, నాలాగా మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వాడుతూ అదుపులో ఉంచుకున్నవారికి 39 వారాలు నిండాక, 40 నిండకముందే కాన్పు కావడం మంచిది. పరగడుపున 95 లోపు, తిన్న రెండు గంటలకు 120 లోపు ఉండాలని అన్నం తగ్గించి జొన్నరొట్టెకు మారిన నాకు, ఇంత జాగ్రత్తపడ్డాక కూడా తొందరెందుకని బాధ కలిగింది.

"నొప్పులు వాటంతట అవే రావాలె బిడ్డా" అన్నది అత్తమ్మ. మందుల నొప్పులు చివరకు ఆపరేషన్‌కే దారితీస్తాయని ఆమె భయం. దాన్ని నేను కొట్టిపారేయలేదు. గర్భాశయ ముఖద్వారం మెత్తబడకపోతే ముందు జెల్‌తోనో బెలూన్‌తోనో దాన్ని సిద్ధం చేసి, ఆ తర్వాత నొప్పులు తెప్పించే ఆక్సిటోసిన్ మందు ఎక్కించాలి. ఇందుకు ఒక రోజుకు మించి కూడా పట్టవచ్చు. అయితే బిడ్డ బరువు మరీ పెరిగితే, తల బయటికి వచ్చాక భుజాలు ఇరుక్కునే ప్రమాదం ఉందన్న మాట నన్ను అంతకంటే ఎక్కువగా కలవరపెట్టింది. స్కానింగ్‌లో చెప్పే బరువు అంచనా మాత్రమే కనుక దానిమీదే భరోసా పెట్టుకోలేకపోయాను.

39 వారాలు నిండగానే చేరడానికి ఒప్పుకున్నాను. పుట్టగానే ముర్రుపాలు పట్టించి, బిడ్డ మడమ నుంచి రక్తపు చుక్క తీసి షుగర్ చూస్తారట. నాకు మాత్రం కాన్పయిన 6 వారాల తర్వాత 75 గ్రాముల గ్లూకోజ్ పరీక్ష మళ్లీ ఉంటుంది.