మూడు వందల మీటర్ల దూరం నుంచి స్వాల్‌బార్డ్

ఓడ ఎక్కగానే మా చేత చేయించిన మొదటి పని బట్టలు దులపడం. కోటు జేబుల మూలలు, సంచుల అడుగులు, ప్యాంటు మడతలు అన్నిటి మీదా వాక్యూమ్ క్లీనర్ గొట్టం తిరిగింది. నా సంచి జిప్పులో ఇరుక్కున్న ఒక గడ్డి గింజను గైడు పట్టకారుతో లాగి, వెలుతురుకు పెట్టి చూసి, చెత్తబుట్టలో వేసింది. స్వాల్‌బార్డ్‌లో చెట్టన్నది లేదు. నాచు, గోరంత పూలు, నేలను కరుచుకుని పాకే ధ్రువపు విల్లో, అంతే. బయటి విత్తనం ఒకటి వేళ్లూనితే వాటికి ఆ కాస్త చోటూ మిగలదని వాళ్ల భయం. ఈ తనిఖీ చాదస్తంగా అనిపించి నవ్వుకున్నవాళ్లు ఉన్నారు. రెండో రోజుకల్లా అందరూ తమ బూట్లు తామే బ్రష్షుతో రుద్దుకుంటున్నారు.

నార్వేకూ ఉత్తర ధ్రువానికీ నడుమ ఉన్న దీవుల గుంపు ఇది. 1920 నాటి ఒప్పందం ప్రకారం సార్వభౌమాధికారం నార్వేదే అయినా, ఇక్కడ అడుగు పెట్టడానికి వీసా అక్కర్లేదు. వినడానికి బాగుంటుంది. కానీ మామూలుగా విమానం నార్వే ప్రధాన భూభాగం మీదుగానే రావాలి. ఐరోపా దేశాల ఉమ్మడి వీసా ప్రాంతమైన షెంగెన్‌లో నార్వే ఉంది, స్వాల్‌బార్డ్ లేదు. అంటే వెళ్లేటప్పుడు షెంగెన్ దాటి, తిరిగి వచ్చేటప్పుడు మళ్లీ అందులోకి ప్రవేశించాలి. రెండుసార్లు ప్రవేశం ఉన్న వీసా లేకపోతే తిరుగు ప్రయాణంలో చిక్కే.

మా ఓడలో ప్రయాణికులు వంద మంది లోపే. 2025 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన నియమాల ప్రకారం రక్షిత ప్రాంతాల్లోకి రెండు వందల మందికి మించిన ఓడలు రాకూడదు. ఆ ప్రాంతాల్లో ఒడ్డుకు దిగడానికి అనుమతించినవి 43 చోట్లే. అంతకు ముందు నుంచే, 2022లోనే, ఈ జలాల్లో చిక్కటి నల్ల ఇంధనాన్ని నిషేధించారు. పెద్ద ఓడలో ఉండే నాటకశాలలు, ఈతకొలనులు మా దాంట్లో లేవు. ఉన్నవి రబ్బరు పడవలు, బూట్లు ఆరబెట్టే గది, ఎప్పుడూ తెరిచి ఉండే, కెప్టెన్ ఓడను నడిపే బ్రిడ్జి గది. రాత్రి నిద్ర పట్టకపోతే అక్కడికి వెళ్లి నిలబడవచ్చు. నిద్ర పట్టకపోవడం మామూలే. వేసవిలో అక్కడ రాత్రి రెండింటికీ పగటి రెండింటికీ తేడా గడియారం చెబితేనే తెలుస్తుంది.

మొదట ఆగింది నీ-ఒలెసున్‌లో. ఒకప్పటి బొగ్గు గని ఊరు. 1962లో గనిలో పేలుడు జరిగి 21 మంది చనిపోయాక తవ్వకం ఆపేశారు. ఇప్పుడు అనేక దేశాల పరిశోధన కేంద్రాలున్నాయి. ఊరు ఇంకా చాలా దూరం ఉండగానే ఫోన్లలో వైఫై, బ్లూటూత్ అన్నీ కట్టేయమన్నారు. వందల కోట్ల కాంతి సంవత్సరాల అవతల వెలిగే క్వేజార్లనే నక్షత్ర మండలాల కేంద్రాల నుంచి వచ్చే బలహీనమైన రేడియో సంకేతాలను అక్కడి యాంటెనాలు వింటుంటాయి. చుట్టూ ఇరవై కిలోమీటర్ల మేర రేడియో నిశ్శబ్దం పాటించాలి. 2008లో మొదలైన మన దేశపు పరిశోధన కేంద్రం 'హిమాద్రి' కూడా ఈ ఊళ్లోనే. లోపలికి సందర్శకులను రానివ్వరు. బోర్డు చూసి సంబరపడి ముందుకు నడిచాను. ఊరి చివర ఎత్తైన ఇనుప స్తంభం ఒకటి ఉంది. 1926లో నార్వే ధ్రువ అన్వేషకుడు అముండ్సెన్ బృందం ఎక్కిన 'నోర్గె' అనే గాలినౌకను దానికే కట్టారు. ఇక్కడి నుంచి లేచి, ఉత్తర ధ్రువం మీదుగా సాగి, అలాస్కాలో దిగింది. ఊరు దాటి ఆ స్తంభం దాకా వెళ్లాలంటే తుపాకీ పట్టుకున్న గైడు తోడుండాల్సిందే.

ప్రతిచోటా ఇదే పద్ధతి. ముందు గైడ్లు దిగి గుట్టలన్నీ గాలించి, ఎలుగుబంట్లు లేవని తేల్చుకున్నాకే మమ్మల్ని దింపుతారు. రబ్బరు పడవలోకి దిగేటప్పుడు చేయి పట్టుకోవడానికీ ఒక తీరుంది. అరచేతులు కలపరు. ఒకరి మణికట్టును ఒకరు పట్టుకుంటారు, ఒకరి పట్టు జారినా రెండోవారి పట్టు ఆగుతుంది.

స్మీరెన్‌బర్గ్ ఇసుక తీరంలో పదిహేడో శతాబ్దపు డచ్చి తిమింగలాల వేటగాళ్ల పొయ్యిలు కనిపించాయి. తిమింగలం కొవ్వును కాచిన రాగి పాత్రలు ఎప్పుడో పోయాయి. ఒలికిన నూనె ఇసుకతో, కంకరతో కలిసి గట్టిపడి నల్లటి వలయాలుగా మిగిలింది. చూస్తే సిమెంటు అనుకుంటాం. 1946కు ముందువైన మానవ అవశేషాలన్నీ ఇక్కడ చట్టరీత్యా రక్షితాలు, మేకు కూడా ఎత్తకూడదు. ఆ వేట ఇక్కడి బోహెడ్ తిమింగలాలను దాదాపు తుడిచిపెట్టింది. పొడవాటి దంతాల సముద్ర జంతువులైన వాల్రస్‌లదీ ఇంచుమించు అదే గతి అయ్యేది, 1952లో వేట నిషేధించాక మెల్లగా కోలుకున్నాయి. అవి అదే తీరాన ఒకదాని మీద ఒకటి ఒరిగి పడుకుని ఉన్నాయి. గాలి మా వైపు వీస్తోంది. వాసన గురించి రాయకపోవడమే మేలు.

ఇక అందరూ ఎదురుచూసిన ఘట్టం. తెల్లవారుజామున క్యాబిన్ స్పీకరులో గైడు మెల్లగా చెప్పింది, "కుడివైపు ఒడ్డున ఎలుగుబంటి." పైజమాల మీద కోట్లు తగిలించుకుని అందరం డెక్కు మీదకు పరుగెత్తాం. కనిపించింది లేత పసుపు చుక్క. మార్చి నుంచి జూన్ చివరి దాకా ఐదు వందల మీటర్లు, మిగతా ఏడాదంతా మూడు వందల మీటర్లు, అంతకంటే దగ్గరికి వెళ్లరాదు. బైనాక్యులర్‌లో చూస్తే పడుకుని ఉంది. ఒకసారి తల ఎత్తి గాలి వాసన చూసి, మళ్లీ ముంగాళ్ల మీద గడ్డం ఆనించింది. చేతి పొడవు లెన్సు మోసుకొచ్చిన ఒక పెద్దాయన, ఇంత డబ్బు పోసి చుక్కను చూడ్డానికా వచ్చింది అని విసుక్కున్నారు. ఆయన బాధ అర్థమైంది కానీ నేను ఒప్పుకోలేదు. మంచు కరిగిన వేసవిలో ఎలుగుబంటికి తిండి అయిన సీల్ దొరకడమే కష్టం. ఓడ దగ్గరికెళ్లి పరుగెత్తిస్తే ఆ జంతువు దాచుకున్న కొవ్వు వృథా అవుతుంది. మేం వెళ్లిపోయేదాకా అది నిద్రపోతూనే ఉంది. మేం వచ్చిన సంగతి పట్టించుకోలేదంటే మర్యాదగా చూశామనే లెక్క.

అయితే ఈ ప్రయాణంలో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించింది ఎలుగుబంటి కాదు, హిన్‌లోపెన్ జలసంధి పక్కనున్న ఆల్కెఫ్యెల్లెట్ అనే పక్షుల కొండ. డోలరైట్ అనే నల్లటి రాతి స్తంభాలు నీటిలోంచి నిట్టనిలువుగా లేచి ఉంటాయి. వాటి అరల మీద బ్రూనిచ్ గిల్లెమాట్ పక్షుల జంటలు అరవై వేల దాకా. దగ్గరికి రాకముందే రెట్ట వాసన ముక్కుకు తగిలింది, తరువాత గోల. పక్కనున్న మనిషితో మాట్లాడాలంటే చెవిలో చెప్పాలి. పక్షి కొండల దగ్గర ఐదు నాట్ల వేగం దాటకూడదు, పడవ పాకినట్టే వెళ్లింది.

ఈ పక్షి గూడు కట్టదు. వట్టి రాతి మీద ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. మేం వెళ్లింది జులై ఆఖరున, పిల్లలు దూకే వేళ. మూడు వారాల పిల్లకు ఎగిరేంత రెక్కలుండవు. అయినా అర అంచుకు వచ్చి, కిందికి చూసి, వెనక్కి తగ్గి, మళ్లీ వస్తుంది. కింద నీళ్లలో తండ్రి అరుస్తుంటాడు. చివరికి పొట్టి రెక్కలు టపటపలాడిస్తూ పడిపోతుంది. మా పడవ ముందే ఒకటి నీటిలో పడి, మునిగి తేలి, కీచుమంటూ తండ్రి కోసం వెతికింది. ఆయన ఈదుకుంటూ వచ్చి ముక్కుతో ముక్కు తాకించాడు. ఇద్దరూ కలిసి సముద్రం వైపు సాగిపోయారు. ఆ పిల్ల ఎగరడం నేర్చేదాకా తండ్రే వెంట ఉంటాడు. అన్నిటి కథా ఇలా సుఖాంతం కాదు. గురి తప్పి రాళ్ల మీద పడ్డవాటి కోసం కొండ అడుగున నక్క కాచుకుని ఉంది. పైన గ్లాకస్ గల్‌లనే పెద్ద సముద్రపు పక్షులు తిరుగుతున్నాయి. నక్క నోట ఒక పిల్ల చిక్కినప్పుడు పడవలో ఎవరూ ఫోటో తీయలేదు.

జలసంధి దక్షిణాన మంచు మూసుకుపోయిందని ఆ రాత్రి కెప్టెన్ ఓడను వెనక్కి తిప్పాడు. ప్రధాన దీవి స్పిట్స్‌బెర్గెన్‌ను పూర్తిగా చుట్టిరావాలన్న పథకం అక్కడితో సరి. బదులుగా లీఫ్డెఫియోర్డ్ అనే సముద్రపు పాయలో మొనాకోబ్రీన్ హిమానీనదం ముందు ఒక పూటంతా దొరికింది. నీటిలో తేలే మంచు ముక్కలు చిటపటమంటున్నాయి, ఏళ్ల తరబడి నొక్కుకుపోయిన గాలి బుడగలు పగిలే చప్పుడది. మంచు గోడ కింది నుంచి వచ్చే కరుగు నీరు లోతులోని చిన్న జీవులను పైకి తెస్తుంది, కిట్టివేక్ పక్షులన్నీ అక్కడే మూగాయి. గోడలోంచి ఒక పలక విరిగి పడ్డాక చాలాసేపటికి గానీ అల మా పడవను చేరలేదు. దూరం ఎందుకు పాటిస్తారో అప్పుడు తెలిసింది.

వెళ్లాలనుకునేవారు ముందు నెల తేల్చుకోవాలి. గడ్డకట్టిన సముద్రం చూడాలంటే జూన్, పక్షి పిల్లలు కొండ మీంచి దూకడం చూడాలంటే జులై ఆఖరు. రెండూ ఒకే ప్రయాణంలో దొరకడం కష్టం. ఓడ ఫలానా చోట ఆగుతుందన్న హామీ మీద డబ్బు కట్టకండి, అది పటం మీద పెన్సిల్ గీతే. కెమెరా కన్నా మంచి బైనాక్యులర్ మీద ఖర్చు పెట్టండి. ఇద్దరికి ఒకటి చాలనుకోకండి, డెక్కు మీద పోట్లాట తప్పదు.