హైన్రిఖ్ నోయ్‌హౌస్ మాస్టారు

ఈమధ్య రాత్రిళ్లు సోవియట్ పియానిస్టు హైన్రిఖ్ నోయ్‌హౌస్ వాయించిన, స్వరకర్త షోపాన్ మొదటి పియానో కాన్సెర్టో (ఆర్కెస్ట్రాతో కలిసి పియానో వాయించే రచన) వింటున్నాను. 1951 నాటి రికార్డింగ్, శబ్దం కాస్త పాతగానే ఉంటుంది. రెండో భాగంలో మాత్రం కుడిచెయ్యి పాటను ఎక్కడా తొందరపెట్టదు, మనిషి ఊపిరి తీసుకున్నంత సహజంగా సాగుతుంది. 1933లో డిఫ్తీరియా వచ్చి దెబ్బతిన్న చేతులవి! తెలిశాక కళ్లు చెమర్చాయి.

లోకం ఆయన్ని ఎక్కువగా గుర్తుపెట్టుకున్నది గురువుగా. 1922 నుంచి మాస్కో కన్సర్వేటరీ అనే సంగీత కళాశాలలో పాఠాలు చెప్పారు. పేరున్న పియానిస్టులు గిలెల్స్, రిక్టర్, రాడు లుపు ఆయన శిష్యులే. ఒకరి వాయింపుకీ ఇంకొకరి వాయింపుకీ పోలికే ఉండదు. నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది అదే.

1937లో రిక్టర్ ఒడెస్సా నుంచి వచ్చేనాటికి 22 ఏళ్లు, పద్ధతిగా నేర్చుకున్నది పెద్దగా లేదు. రాజకీయ పాఠాలకు వెళ్లడం లేదని కన్సర్వేటరీ తీసేస్తే, మాస్టారే వెనక్కి రప్పించారు. ఉండటానికి చోటు లేకపోతే తన ఫ్లాట్‌లోనే ఉండనిచ్చారు. ఆ కుర్రాడు పియానో కింద పడుకునేవాడట.

1941లో మాస్టారిని అరెస్టు చేసి మాస్కోలోని లుబ్యాంకా జైల్లో నెలల తరబడి పెట్టారు. తర్వాత ఉరల్ ప్రాంతానికి పంపేస్తే, స్వెర్ద్‌లోవ్‌స్క్‌లోనూ పాఠాలు మానలేదు. 1944లో మాస్కో తిరిగొచ్చారు, 1964లో పోయారు.

వినాలనుకునేవాళ్లు ముందు ఈ కాన్సెర్టో వినండి, ఆ తర్వాత లుపు వాయించిన స్వరకర్త షుబర్ట్ రచనలు వినండి.