డిసెంబర్ స్కెచ్ బుక్: నల్లగొండలో నీడలు, చుక్కలు, మంగు కాయలు

ఏడాది చివర్లో స్కెచ్ బుక్‌లన్నీ బయటికి తీసి తిరగేస్తుంటే ఈసారి ఒకటి కొట్టొచ్చినట్టు కనిపించింది. దేవరకొండ ఖిల్లా, పిల్లలమర్రి, సాగర్ డ్యామ్ అంటూ పనిగట్టుకుని బస్సెక్కి పోయి గీసినవన్నీ నీట్‌గా ఉన్నాయిగానీ ఇంకోసారి చూడబుద్ధి కాలేదు. గడియారం సెంటర్లో ఆటో కోసం నిలబడి హడావుడిగా గీకినవాటి దగ్గరే చెయ్యి ఆగింది. ఇంకోటి, ప్రతి బొమ్మ కింద టైము, అక్కడ వినిపించిన ఒక మాట రాసుకునే అలవాటు ఉంది నాకు. జూలైలో ఒక బొమ్మ కింద "వాన లేదు, బండాయన ఇవాళ మాట్లాడలే" అని ఉంది (బండాయన అంటే బత్తాయి బండి ఆయన). బొమ్మ సో సోగా ఉంది, ఆ రోజు మాత్రం మొత్తం గుర్తొచ్చింది.

అందుకని ఈ నెలకి ఒకటే రూల్ పెట్టుకున్నా: ఊరు దాటేది లేదు, రోజూ పోయే దారిలో ఏది కనపడితే అదే.

ధనుర్మాసం మొదలయ్యాక పొద్దుగాల మా గల్లీలో ముగ్గులు చూస్తూ నిలబడితే చాలు, సగం డ్రాయింగ్ క్లాసు అయిపోతుంది. ఎదురింటి అవ్వ 15 నుంచి 8 వరకు సందు చుక్క పెడుతుంది, స్కేలు లేదు, గీత లేదు, వంగి పెట్టుకుంటూ పోతే వరసలు తప్పవు. చుక్కలన్నీ పడేదాకా ఒక్క గీత కూడా గీయదు. నేను కూడా ఇప్పుడు పేజీ మీద ముందు పై అంచు, కింది అంచు, రెండు పక్కలు చుక్కలు పెట్టుకుని ఆ తర్వాతే గీత మొదలుపెడుతున్నా. మనిషి కాళ్లు పేజీ కిందికి జారిపోయే బాధ చాలావరకు తగ్గింది. "ఏం రాస్తున్నవ్ బిడ్డా పొద్దుగాల పొద్దుగాల?" అంది ఒకరోజు. మిమ్మల్నే గీస్తున్న అవ్వా అంటే "నన్నెందుకు, ముగ్గు గియ్యి" అని చీపురు అందుకుంది.

డిసెంబర్‌లో అసలు మజా మాత్రం నీడలది. నల్లగొండ దాదాపు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి 21, 22 తేదీల్లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 50 డిగ్రీల ఎత్తు దాటడు, దక్షిణానికి వాలి ఉంటాడు. అంటే 10 అడుగుల కరెంటు స్తంభానికి మధ్యాహ్నం పూట కూడా ఎనిమిదిన్నర అడుగుల నీడ. అదే మే 8 ప్రాంతంలో అయితే నీడ కాళ్ల కిందే ఉంటుంది, ఆ ఎండలో రోడ్డు మీద కూర్చుని గీయడం ఎటూ అయ్యే పని కాదు. పొద్దున నీడ తొందరగా జరుగుతుంది, అందుకని ముందు నీడల అంచులే పెన్సిల్‌తో గుర్తు పెట్టేసి, ఆ తర్వాత నీడ ఎటు పోయినా మార్చొద్దు. నల్ల రంగు వాడితే నీడ బొగ్గు పూసినట్టు వస్తుంది. అల్ట్రామెరైన్ నీలంలో బర్న్‌ట్ సియెనా (ఎర్రటి గోధుమ రంగు) కలపండి, ఎర్రమట్టి మీద సియెనా ఎక్కువ, సీసీ రోడ్డు మీద నీలం ఎక్కువ.

ఆదివారం మా ఊరి అంచునే ఉన్న పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో మాత్రం ఈ తొందరేమీ లేదు. గర్భగుడిలో లింగం వెనక పడే స్తంభం లాంటి నీడ పొద్దంతా అక్కడే ఉంటుంది. అది నేరుగా ఎండ తగిలి పడే నీడ కాదు, స్తంభాల మధ్య నుంచి లోపలికి వచ్చే చెదిరిన వెలుగుది. మంటపంలో దారికి అడ్డం లేకుండా ఒక పక్కన కూర్చుని 2బీ పెన్సిల్ ఒక్కటే వాడా, గుళ్లో రంగులు, నీళ్లు తీయడం బాగుండదు.

రంగులన్నీ బత్తాయి బండి దగ్గర ఖర్చయ్యాయి. అందరూ బత్తాయిని ఆకుపచ్చ అనుకుంటారుగానీ దగ్గర నుంచి చూస్తే ఆకుపచ్చ తక్కువ, పసుపు ఎక్కువ, మంగు (నల్లి వల్ల తొక్క మీద వచ్చే మచ్చ) పట్టిన కాయ అయితే ఒక పక్కంతా ఇటుక రంగు గోధుమ పొర. మార్కెట్లో మంగు కాయకి రేటు పడదు, లోపల రసం మామూలుగానే ఉన్నా సరే. గీయడానికి నాకు మాత్రం అవే కావాలి, నున్నటి కాయలో పట్టుకోవడానికేమీ ఉండదు.

సామాను సంగతి: ఏ5 స్పైరల్ బుక్, కాగితం 200 జీఎస్ఎం (ఈ అంకె పెరిగితే కాగితం మందం). రంగు నీళ్లు ఎక్కువ పోస్తే 300 తీసుకోండి, లేకపోతే కాగితం వంకర పోతుంది. మామూలు జెల్ పెన్ను తడి తగిలితే పాకుతుంది, వాటర్‌ప్రూఫ్ ఇంకు 0.3 పాయింట్ సరిపోతుంది. మంచు పొద్దున రంగు తొందరగా ఆరదు, పేజీ తిప్పకుండా క్లిప్ పెట్టండి. పిల్లల 12 రంగుల డబ్బా చాలు, పైన చెప్పిన రెండు మాత్రం ట్యూబులు కొనండి.

జనవరిలో ఉదయసముద్రం చెరువు కట్ట మీద సాయంత్రాలు అనుకుంటున్నా. దానికన్నా ముందు బండాయన బాకీ ఒకటుంది, "నా బొమ్మ ఎప్పుడిస్తవ్ అన్నా" అని రోజూ అడుగుతున్నాడు. కలర్ జిరాక్స్ తీస్తే బత్తాయిలు నీలంగా వచ్చాయి, ఇంకోటి గీసే ఇవ్వాలి.