గుమ్మం మోస్తున్న పొగగొట్టం

ఇంగ్లండ్‌లోని లింకన్ నగరంలో స్టీప్ హిల్ అనే ఏటవాలు వీధి ఎక్కేవాళ్లందరి చూపూ కొండమీది కెథడ్రల్ (పెద్ద చర్చి) మీదే. నేను మాత్రం నిన్న దారిలోనే ‘యూదుడి ఇల్లు’ అని పిలిచే రాతి ఇంటి ముందు నిలబడిపోయాను. 12వ శతాబ్దపు కట్టడం. పై అంతస్తులో అర్ధచంద్రాకారపు కమాన్ల జంట కిటికీల ఆనవాళ్లు ఇంకా ఉన్నాయి. ఇంటివాళ్ల ముఖ్యమైన గది ఆ పైదే.

నన్ను కదలనివ్వనిది గుమ్మం. దాని మీది చెక్కడపు కమాను గోడలోంచి ముందుకు పొడుచుకొచ్చి, పైగది పొయ్యికి చెందిన పొగగొట్టాన్ని మోస్తోంది. అంటే ఆ ఇంట్లో అడుగుపెట్టే ప్రతివారూ నిప్పు కిందుగా వెళ్లేవారన్నమాట! ఎంత తెలివైన మేస్త్రి! సున్నపురాయి మీద చెక్కడాలు అరిగి, వేలితో తడిమితేనే తెలుస్తున్నాయి.

ఇప్పుడిది గ్రేడ్ 1, అంటే అత్యున్నత శ్రేణి రక్షిత భవనం. అనుమతి లేకుండా మార్పులు చేస్తే నేరం. అలాగే ఉండాలి.

1290లో మొదటి ఎడ్వర్డ్ రాజు ఇంగ్లండ్‌లోని యూదులందరినీ వెళ్లగొట్టాడు. ఈ ఇంటిని మాత్రం ఇప్పటికీ ‘యూదుడి ఇల్లు’ అనే పిలుస్తారు. సాయంత్రం కొండ దిగుతూ మళ్లీ ఆగాను, ఈసారి ఫొటో తీయబుద్ధి కాలేదు.