సుంకి ఘాట్‌లో బుర్రుమన్న వెనక డోరు

సాలూరు దాటి ఒడిశా వైపు సుంకి ఘాట్ ఎక్కుతుంటే, కారులో పాటలు మోగుతుండగా వెనక ఎక్కడో బుర్రుమనడం మొదలైంది. మృదంగం దెబ్బ పడిన ప్రతిసారీ అదే రొద. డెక్‌లో (కారు స్టీరియోలో) ముందు, వెనక స్పీకర్లకి మోత పంచే ఫేడర్‌ని పూర్తిగా ముందుకు తిప్పితే ఆగిపోయింది. అంటే తప్పు చాలావరకు డెక్‌ది కాదు, వెనక స్పీకర్లది. కుడి, ఎడమలకి పంచే బేలన్స్ అటూ ఇటూ తిప్పితే ఎడమ డోరని తేలింది. నిమిషం పట్టే ఈ పరీక్ష చెయ్యకుండానే డెక్ విప్పించేసేవాళ్లు బోలెడుమంది.

పొట్టంగి దగ్గర వాన. ఒడిశాలోకెల్లా ఎత్తైన దేవమాలి కొండ, 1,672 మీటర్లది, మబ్బులోనే ఉండిపోయింది. సిమిలిగూడ, కోరాపుట్ దాటి, మళ్లీ ఘాట్ దిగి జయపురం చేరాం. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి అండగా నిలిచిన మహారాజా విక్రమదేవ వర్మ గారి ఊరు ఇది. ఒడియా బోర్డుల కింద తెలుగు బేరాలు ఇప్పటికీ నడుస్తాయి.

సీటు కవర్లూ హారన్లూ అమ్మే కొట్టులో స్పీకర్ అట్టపెట్టె మీద '300 వాట్లు' అని పెద్ద అక్షరాలు. అది పీక్ లెక్క, అంటే క్షణకాలం తట్టుకునేది, దాన్ని పట్టించుకోనక్కర్లేదు. చూడాల్సింది ఆర్‌ఎంఎస్, అంటే ఆగకుండా తట్టుకునే వాట్లు. విడిగా యాంప్లిఫయర్ లేని డెక్ ఒక్కో చానల్‌కి నిజంగా ఇచ్చేది 15 నుంచి 20 వాట్లే. అందుకే వాట్ల కన్నా సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన కరెంటుకి ఎంత గట్టిగా మోగుతుందన్న లెక్క, ముఖ్యం. 90 డెసిబెల్స్ దాటినది తీసుకుంటే అదే డెక్ మీద గట్టిగా మోగుతుంది. ఇంపెడెన్స్ (కరెంటుకి స్పీకర్ ఇచ్చే అడ్డు) 4 ఓంలు ఉండాలి. 2 ఓంలది తగిలిస్తే డెక్ వేడెక్కి ఆగిపోవచ్చు. మా డోరుకి సరిపడే సైజు ఆరున్నర అంగుళాలు. కానీ సైజొకటే చాలదు, లోతూ కొలవాలి. అద్దం పూర్తిగా దించి, మెటల్ అంచు నుంచి అద్దం దాకా ఎంతుందో చూసి, స్పీకర్ లోతు దానికన్నా కనీసం 5 మిల్లీమీటర్లు తక్కువ ఉండేలా ఎంచాలి. అంత చోటు లేకపోతే స్పీకర్‌కీ రేకుకీ మధ్యలో స్పేసర్ రింగు వెయ్యాలి. ఎండీఎఫ్ (చెక్కపొడిని అదిమి చేసిన పలక) రింగు డోరులో తడికి ఉబ్బిపోతుంది. ప్లాస్టిక్‌ది మేలు, చెక్కదే దొరికితే అన్ని వైపులా వార్నిష్ పట్టించాలి.

ముందు 10 నంబర్ స్పానర్‌తో బ్యాటరీ మైనస్ విప్పాం. కోడ్ అడిగే డెక్ అయితే ఆ కోడ్ చేతిలో ఉందో లేదో చూసుకున్నాకే ఆ పని. డోర్ ప్యాడ్‌కి హ్యాండిల్ గిన్నె వెనకో స్క్రూ, ఆర్మ్‌రెస్ట్ కింద మరోటి, మిగతావన్నీ క్లిప్పులు. కింది మూల నుంచి మొదలుపెట్టి, క్లిప్పుకి దగ్గరగా ప్లాస్టిక్ పట్టీ పెట్టి లాగాలి. అయినా రెండు మూడు విరుగుతాయి. కొత్తవి ఓ అయిదు జేబులో ఉంటే సరి.

ప్యాడ్ వెనక అసలు సంగతి బయటపడింది. నీళ్లు ఆపే పాలిథిన్ షీట్ చిరిగిపోయి ఉంది. అద్దం అంచు రబ్బరు బీడింగ్ నుంచి దిగే వాననీరు తిన్నగా స్పీకర్ మీదికి కారి, స్పీకర్‌లో కదిలి మోగే కాగితపు కోన్ చుట్టూ ఉన్న ఫోమ్ ఊడొచ్చేసింది. షీట్ బాగుచెయ్యకుండా కొత్త స్పీకర్ పెడితే రెండు వానాకాలాలకి అదే గతి. మామూలు టేప్ నిలవదు, బ్యూటైల్ జిగురు తాడుతో అతికించాం.

పాత స్పీకర్‌కి రివెట్లు. డ్రిల్ చేస్తే రాలే ఇనప పొడిని అయస్కాంతం లాక్కుంటుంది కాబట్టి కొత్త స్పీకర్‌ని దూరంగా ఉంచి, పొడంతా ఊడ్చాకే బయటికి తీయాలి. రింగుకీ తలుపు రేకుకీ మధ్య ఫోమ్ పట్టీ తప్పనిసరి. “బేస్ రావట్లేదంటే స్పీకర్ తప్పు కాదు బాబూ, డోరుకి కన్నాలున్నట్టు” అన్నాడు కొట్టు కుర్రాడు, నిజమే. కోన్ వెనక గాలి ముందుకొచ్చి కలిస్తే బేస్ చచ్చిపోతుంది. బయటి రేకు లోపలి వైపు మూడో వంతు మేర డ్యాంపింగ్ షీట్ (రేకు అదురు ఆపే షీట్) అంటిస్తే చాలు, రోలర్‌తో గట్టిగా నొక్కాలి. అడుగున ఉండే నీటి కన్నాలు మాత్రం మూయకూడదు.

తిరుగు దారిలో కోరాపుట్ ఘాట్ ఎక్కుతుంటే రొద లేదు, బేస్ కూడా లేదు! బేలన్స్ పూర్తిగా ఎడమకి తిప్పితే బేస్ వచ్చింది, కుడికి తిప్పినా వచ్చింది, మధ్యలో పెడితే పోయింది. ఒక డోరులో ప్లస్, మైనస్ తారుమారయ్యాయన్నమాట. సిమిలిగూడలో టీ తాగుతూ, కొత్త స్పీకర్ పెట్టిన ఎడమ ప్యాడ్ విప్పాం. స్పీకర్‌కి వెళ్లే వైర్లకి 1.5 వోల్టుల సెల్‌ని ప్లస్‌కి ప్లస్‌గా ఒక్క క్షణం తాకిస్తే కోన్ బయటికి దూకాలి. మాది లోపలికి పోయింది. కప్లర్ (కారు వైరుకి నేరుగా గుచ్చే జోడీ) కొనకుండా వైరు కత్తిరించి ముడేస్తే వచ్చే తంటా ఇదే. వైర్లు మార్చి, ముడి మీద హీట్ ష్రింక్ (వేడికి బిగుసుకునే గొట్టం) తొడిగాం.

డెక్‌లో హైపాస్ (మరీ లోతైన బేస్‌ని ఆపే సెట్టింగు) 80 హెర్ట్జ్‌కి పెట్టి, ఫేడర్ కొద్దిగా ముందుకి జరిపాం. పాడే గొంతు ముందునుంచే రావాలి, వెనక స్పీకర్లది తోడు మాత్రమే. సుంకి దిగుతుంటే ఎడమ డోరులో చిన్న టకటక మిగిలింది. లాక్ రాడ్ రేకుకి తగులుతోంది. సాలూరులో దానికి ఫోమ్ ముక్క చుట్టాం.