ఏడో ట్యూబు

ఎనిమిది ట్యూబులు. అన్నిట్లో కుందేలు యాంటీసీరం, అంటే యాంటీబాడీలున్న రక్తరసం, ఒకే కొలత. దానిలోకి బీఎస్ఏ, అంటే ఆ యాంటీబాడీలు పట్టుకునే ఆవు రక్తంలోని ఆల్బుమిన్ ప్రోటీన్, మొదటి ట్యూబులో పిసరంత, ఎనిమిదో దాంట్లో దండిగా. 37 డిగ్రీల దగ్గర గంటసేపు, తర్వాత రాత్రంతా ఫ్రిజ్‌లో. పొద్దున చూస్తే నాలుగు, ఐదు ట్యూబుల అడుగున తెల్లటి మడ్డి. ఏడోది మాత్రం నీళ్ల లెక్క తేటగా ఉంది.

ఏదో పోయడం మరిచిపోయిన్నేమో అనుకొని మళ్లీ పెట్టిన. మళ్లీ అదే తేట. రెండోసారి ఎంత యాంటీసీరం ఖర్చయిందో ఇక్కడ రాయను, మా సార్ చదివితే కష్టం.

హన్మకొండ నుంచి దసరాకు పరకాల పోయినప్పుడు కూడా బుర్రలో అదే. అమ్మ గుమ్మానికి బంతిపూల దండ కడుతున్నది. సంగతి చెప్తే, "ఎక్కువ పోస్తే ఎక్కువ పేరుకోవాలె గద బిడ్డా?" అన్నది. దారాన్ని జానెడు ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు రెండు కొసలే అనుకోమన్న. యాంటీబాడీకి ఉన్నవి రెండు చేతులే. పువ్వు బీఎస్ఏ లెక్క, దానికైతే నాలుగైదు దారాలు కట్టొచ్చు. ఇప్పుడు గంపెడు పూలు పోసి దారం గుప్పెడే ఇస్తే?

"దండేడిది? జంటలయితయి," అన్నది అమ్మ, పువ్వు మీంచి చూపు తిప్పకుండానే.

మరాక్ అనే శాస్త్రవేత్త 1934లో చెప్పిన లాటిస్ (వల) సిద్ధాంతం అదే. వల అల్లుకుంటేనే మడ్డి కింద పడుతుంది, జంటలు నీళ్లలోనే తేలుతయి. యాంటీబాడీ మితిమీరినా ఇట్లాంటి తిప్పలే. పశువుల దగ్గర పనిచేసేవాళ్లకు చేసే బ్రూసెల్లా (పశువుల నుంచి అంటుకునే బ్యాక్టీరియా) పరీక్షలో సీరాన్ని, అంటే రక్తరసాన్ని, పలుచన చేయకపోతే, రోగం ఉన్నా లేనట్టు కనబడొచ్చు.

నాకు అసలు అసూయ ఇట్లాంటి మడ్డినే కొలిచిన శాస్త్రవేత్తలు హైడెల్‌బర్గర్, కెండాల్‌ల మీద. 1929 నాటికి యాంటీబాడీ ప్రోటీనేనా అన్న సందేహం ఇంకా తీరలేదు. వాళ్లు తీసుకున్న యాంటీజెన్, అంటే యాంటీబాడీ పట్టుకునే పదార్థం, న్యుమోనియా తెచ్చే న్యుమోకాకస్ బ్యాక్టీరియా తొడుగులోని చక్కెర. మూడో రకం బ్యాక్టీరియాది, అందులో నైట్రోజనే ఉండదు. అంటే మడ్డిలో దొరికిన నైట్రోజన్ అంతా యాంటీబాడీదే. కొలిస్తే చాలు, ఎంత యాంటీబాడీ ఉన్నదో తేలిపోతుంది. నా బీఎస్ఏ కూడా ప్రోటీనే కాబట్టి, మడ్డిని సోడియం హైడ్రాక్సైడ్‌లో కరిగించి 280 నానోమీటర్ల కాంతిని ప్రోటీన్ ఎంత పీల్చుకుంటుందో రీడింగ్ తీసుకున్నాక బీఎస్ఏ వాటా తీసేయాలె. ఆ తీసివేతలో రెండుసార్లు తప్పు చేసిన.

సెలవులు అయినంక ఏడో ట్యూబును మళ్లీ పట్టుకున్న. ఈసారి పారేయలేదు, ఇంకో 50 మైక్రోలీటర్ల సీరం వదిలిన. చూస్తుండగానే మసకబారింది. ఫోటో తీసి అమ్మకు వాట్సాప్‌ల పంపిన.

"దారం సరిపోయిందా?" అని వాయిస్ మెసేజ్ వచ్చింది.