ఊరి చెరువు మీద ఫిబ్రవరి 2: మేం చేసే తీరు

ఫిబ్రవరి 2 ప్రపంచ చిత్తడి నేలల దినోత్సవం. 1971లో అదే తేదీన ఇరాన్‌లోని రామ్‌సర్ పట్టణంలో చిత్తడి నేలల రక్షణకు ఒప్పందం కుదిరింది, 1997 నుంచి ఆ రోజును జరుపుతున్నారు. మన దగ్గర అది చాలాచోట్ల ఇలా నడుస్తుంది: కట్ట మీద షామియానా, ఫ్లెక్సీ, మైకు, పదకొండింటికి ముఖ్య అతిథి, చేతి తొడుగులతో ఓ ఫొటో. మైకు పరీక్షించేసరికే బాతులు పక్క ఊరి చెరువుకు వెళ్లిపోయి ఉంటాయి. తెలంగాణ పల్లె చెరువుల మీద మేం దీన్ని వేరేగా చేస్తాం. చెరువుకు పండగ చేయడం ఇక్కడ ఎవరికీ నేర్పనక్కర్లేదు, బతుకమ్మ ఉండనే ఉంది. లోటంతా హద్దులు, లెక్కలు రాసిపెట్టే కాగితం దగ్గర. అందుకే మా పని వానాకాలంలోనే మొదలవుతుంది.

మత్తడి (అలుగు) దూకే రోజు నీళ్లు ఎక్కడిదాకా నిలుస్తాయో అదే ఎఫ్‌టీఎల్, అంటే పూర్తి నీటి మట్టం. మ్యాపులో గీత ఎక్కడున్నా, నేల మీద దాన్ని కళ్లకు కట్టేది ఏడాదిలో ఆ కొద్ది రోజులే. మత్తడి పారగానే ఫోన్ చేయమని, చెరువు నీళ్లు చూసుకునే నీరటికి ముందే చెప్పి పెట్టుకుంటాం. మత్తడి మీద నీళ్లు పల్చగా, నాలుగు వేళ్ల మందం లోపు పారుతున్నప్పుడు నడవాలి. వరద ఎక్కువైతే నీటి అంచు ఎఫ్‌టీఎల్ దాటి పైకి జరుగుతుంది, ఆ కొలత తర్వాత ఎవరైనా తప్పుపట్టొచ్చు. శిఖం (నీళ్లు నిలిచే చెరువు లోపలి నేల) వైపు అంచు వెంబడి ఒకరు ఫోన్‌లో జీపీఎస్ ట్రాక్ పెట్టుకుని నడుస్తారు. ఇంకొకరు ప్రతి 50 మీటర్లకూ ఒక ఫొటో తీస్తారు. తేదీ, అక్షాంశ రేఖాంశాలు ఫొటో మీదే పడే యాప్ వాడాలి. ప్రతి ఫొటోలోనూ కదలని గుర్తు ఒకటి ఉండాలి: కరెంటు స్తంభమో, బావి గట్టో, తాటిచెట్టో. ఉత్త నీళ్ల ఫొటో ఏ చెరువుదైనా కావచ్చు. ఫోన్ జీపీఎస్ ఐదు నుంచి పది మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. హద్దురాయి పాతడానికి అది పనికిరాదు, సర్వే చేయమని అడగడానికి సరిపోతుంది.

ఇంత ముందుగా ఎందుకంటే, ఫిబ్రవరి నాటికి యాసంగి వరికి తూము తెరిచి నీళ్లు దిగిపోతాయి. శిఖం ఎండి మామూలు చెలకలా కనిపిస్తుంది. మొరం టిప్పర్లు దిగేది అప్పుడే. తెలంగాణ భవన నిర్మాణ నిబంధనల ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుల హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువులు, కుంటల నుంచి 9 మీటర్లు కట్టడాలు రాకూడదు. ఆ దూరం ఎక్కణ్నుంచి కొలవాలన్న దగ్గరే గొడవంతా. హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) పరిధిలోని చెరువులకు ఎఫ్‌టీఎల్ మ్యాపులు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి కాబట్టి అక్కడ ముందు అవి చూసుకోవాలి. శిఖం పట్టాల సంగతి కొంచెం జాగ్రత్తగా మాట్లాడాలి. నీళ్లు తగ్గాక అక్కడ సాగు చేసుకునే హక్కు ఆ రైతుకు ఉంటుంది. మట్టి పోసి ఎత్తు చేసే హక్కు, ఇల్లు కట్టే హక్కు ఉండవు. ఈ తేడా తెలియకుండా పట్టాదారులందర్నీ కబ్జాదారులంటే మొదటి సమావేశంలోనే సగం ఊరు మనకు ఎదురు తిరుగుతుంది.

డిసెంబరులో ముందుగా కలవాల్సింది మత్స్య సహకార సంఘాన్ని. చేపల హక్కు వాళ్లది, నీళ్ల మీద రోజూ ఉండేదీ వాళ్లే. నీళ్లు తగ్గేకొద్దీ వలలు ఎక్కువ పడతాయి. పక్షుల లెక్కింపు రోజున పొద్దున తొమ్మిది దాకా వల వేయకుండా ఉంటే చాలని అడుగుతాం, ఒకరిద్దరిని లెక్క జట్లలోకి రమ్మంటాం. నీటికాకులు, గూడబాతులు చేపలన్నీ తినేస్తున్నాయన్న మాట అక్కడ తప్పకుండా వస్తుంది. వాదనకు దిగొద్దు. ఏ పక్షి ఏ నెలలో ఎన్ని వస్తుందో వాళ్లనే చెప్పమని రాసుకుంటే మంచి సమాచారం దొరుకుతుంది, కోపమూ తగ్గుతుంది. ఆ తర్వాత పంచాయతీ, నీటిపారుదల శాఖ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్). అభయారణ్యం పరిధిలో ఉంటే అటవీ శాఖ అనుమతి లేకుండా ఏదీ కుదరదు.

లెక్కింపు జనవరిలో. 1987 నుంచి నడుస్తున్న ఆసియా నీటిపక్షుల గణన ఆ నెలలోనే జరుగుతుంది, మామూలుగా రెండో, మూడో వారాంతాల్లో. సంక్రాంతికి ఊరికొచ్చిన పిల్లలంతా దొరుకుతారు గానీ గాలిపటాల రోజులు కావడంతో పక్షులు బెదిరి ఉంటాయి. మేం మూడో వారాంతాన్నే పెట్టుకుంటాం. ముందురోజు సాయంత్రం కట్ట మీది చెట్లకు చిక్కిన మాంజా తీయిస్తాం. నైలాన్ మాంజాకు చిక్కిన కొంగ కాలు తెగిపోతుంది. దారాన్ని చేత్తో లాగకుండా పొడవాటి కర్రకు కొడవలి కట్టి కోయాలి.

వంద ఎకరాల చెరువుకు మూడు నాలుగు చోట్ల నిలబడితే మొత్తం కనిపిస్తుంది. ఒక్కో చోట నలుగురు: బైనాక్యులర్‌తో చూసేవారు, లెక్క చెప్పేవారు, రాసేవారు, ఆ చెరువు తెలిసినవారు. 8×42 బైనాక్యులర్ బాగా పనిచేస్తుంది. నడి నీళ్లలో ఉన్న బాతులకు మాత్రం స్టాండుతో స్పాటింగ్ స్కోప్ ఒకటైనా ఉండాలి. పొద్దున సూర్యుడు వీపు వైపు ఉండేలా తూర్పు గట్టున నిలబడాలి. ఎదురెండలో ప్రతి బాతూ నల్లగానే కనిపిస్తుంది. ఆరున్నరకు మొదలుపెట్టి తొమ్మిదికి ముగించాలి. ఆ తర్వాత నీటి మీద ఎండ తెరలు లేచి స్కోప్‌లో బొమ్మ వణుకుతుంది.

గుంపును ఒక్కొక్కటిగా లెక్కపెట్టలేం. మొదట పది పక్షుల్ని లెక్కపెట్టి, ఆ పది ఎంత జాగా ఆక్రమించాయో కంటికి పట్టించుకుని, అలాంటి ముక్కలు గుంపులో ఎన్నున్నాయో చూడాలి. వెయ్యి దాటితే వంద ముక్కగా తీసుకోవాలి. ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టి తర్వాతే చెప్పుకోవాలి. ముందు పైకి చెప్పేస్తే రెండోవారి అంకె తనకు తెలియకుండానే మొదటి అంకె దగ్గరకు జరుగుతుంది.

అంకెలు ఎక్కువగా చెడేది గద్ద వచ్చినప్పుడు. చిత్తడి గద్ద తక్కువ ఎత్తులో జమ్ము మీదుగా సాగితే చెరువంతా ఒక్కసారి లేస్తుంది. ఒక మూల నుంచి లేచినవి ఇంకో జట్టు ముందు దిగుతాయి, రెండుచోట్లా లెక్కకు వస్తాయి. అందుకే జట్లన్నీ గడియారాలు ఒకేలా పెట్టుకుని, ఎగిరిన గుంపు ఎంత పెద్దదో, ఎటు పోయిందో, ఎన్ని గంటలకో రాయాలి. పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలెట్టాలి. గుర్తుపట్టని బాతును ‘గుర్తుపట్టని బాతు’ అనే రాయాలి, ఫారంలో అందుకు చోటుంది. ఊహించి రాసిన అరుదైన పక్షి కన్నా అది వెయ్యి రెట్లు మేలు. బొల్లికోళ్లను, నీటికోళ్లను కలిపేయడం, దూరాన ఉన్న నత్తగుల్లకొంగల్ని ఎర్రకాళ్ల కొంగలనుకోవడం కొత్తవాళ్లు తరచుగా చేసేవి. ఇంకో సంగతి, అందరి కళ్లూ నడి నీళ్ల మీదే ఉంటాయి. ఉల్లంకి పిట్టలు, జిట్టంగులు తిరిగేది జానెడు లోతు లేని అంచుల్లో, తడి బురదలో. కబ్జాకు ముందుగా పోయే జాగా కూడా అదే. అందుకని ఒక జట్టును బురద అంచుకే కేటాయించాలి.

పక్షులు మేత ఆపి తలలెత్తి చూస్తున్నాయంటే మనం దగ్గరికి వచ్చేశామని అర్థం. అక్కడే ఆగి నాలుగడుగులు వెనక్కి వేయాలి. డ్రోన్ వద్దే వద్దు. ఇక నేలపట్టులో కడప అనే చెట్ల మీద, తేలినీలాపురంలో ఊరి చెట్ల మీద ఉన్నట్టు గూళ్ల కాలనీ ఉన్నచోట లెక్క దూరం నుంచే. పెద్ద పక్షులు లేచిపోతే గూట్లో పిల్లలు ఎండకు మాడతాయి, కాకులు గుడ్లు ఎత్తుకుపోతాయి.

అదే రోజు నీటి పరీక్ష కూడా చేస్తాం. 20 సెంటీమీటర్ల గుండ్రటి రేకును నాలుగు భాగాలు చేసి నలుపు, తెలుపు మార్చి మార్చి పెయింట్ వేయాలి. మధ్యలో బరువు, పది సెంటీమీటర్లకో ముడి వేసిన తాడు కడితే నీటి తేటదనం కొలిచే సెక్కి పళ్లెం తయారు. పడవ నీడ పడే వైపు నుంచి దించి, కనుమరుగైన లోతు, పైకి లాగితే మళ్లీ కనిపించిన లోతు రాసి సగటు తీయాలి. కరిగిన ఆక్సిజన్ దగ్గర సమయం రాయకపోతే కొలిచీ దండగ. పచ్చగా నాచు పట్టిన చెరువులో మధ్యాహ్నం రెండింటికి అంకె బ్రహ్మాండంగా ఉంటుంది, తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటాయి. పగలు నాచు ఆక్సిజన్ వదులుతుంది, రాత్రంతా అదే పీల్చుకుంటుంది. కాబట్టి సూర్యోదయానికి ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి కొలవాలి. వన్యప్రాణులకు, చేపలకు లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాముల ఆక్సిజన్, 6.5 నుంచి 8.5 మధ్య పీహెచ్ ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం.

జనవరి 26 గ్రామసభకు ఇవన్నీ ఒక్క పేజీలోకి తెస్తాం: చెరువు పేరు, సర్వే నంబర్లు, వానాకాలంలో నడిచిన గీత, పక్షుల జాతులు, సంఖ్యలు, మురుగు కలిసే చోట్లు. తీర్మానంలో ‘చెరువును కాపాడాలి’ అని రాస్తే ఏ శాఖా కదలదు. ఫలానా సర్వే నంబరులో నీటిపారుదల, రెవెన్యూ శాఖలు కలిసి సర్వే చేసి ఎఫ్‌టీఎల్ రాళ్లు పాతాలి, ఫలానా కాల్వ నోట్లో మురుగు ఆపాలి అని శాఖ పేరుతో, చోటు పేరుతో రాయాలి.

చట్టం దగ్గర చాలామంది పడే గుంట ఒకటుంది. రామ్‌సర్ ఒప్పందం మనుషులు తవ్విన చెరువుల్ని కూడా చిత్తడి నేలలుగానే చూస్తుంది. మన 2017 చిత్తడి నేలల నిబంధనలు మాత్రం సాగునీటి కోసం, తాగునీటి కోసం కట్టిన జలాశయాల్ని మినహాయించాయి. కొల్లేరు 2002లో రామ్‌సర్ గుర్తింపు పొందింది కాబట్టి దానికి ఆ నిబంధనలు నేరుగా వర్తిస్తాయి. కాకతీయుల కాలపు మీ ఊరి చెరువు పేరుతో అదే నిబంధన ఉటంకిస్తే అర్జీ వెనక్కి వస్తుంది. ఊరి చెరువుకు 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) ఉంది. జీవవైవిధ్య చట్టమూ ఉంది. పంచాయతీ జీవవైవిధ్య కమిటీ రిజిస్టర్‌లో మీ పక్షుల జాబితా ఎక్కించండి. అమీన్‌పూర్ చెరువుకు 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశం హోదా వచ్చింది ఈ చట్టం కిందే.

ఇక ఫిబ్రవరి 2. పొద్దున ఏడుకు పిల్లల నడక, పదేసి మంది జట్లుగా, మొత్తం ముప్పై దాటకుండా. ఐదుగురికి ఒక బైనాక్యులర్ లేకపోతే వెనకవాళ్లు రాళ్లు విసరడం మొదలెడతారు. ఎరుపు, తెలుపు చొక్కాలు వద్దని ముందురోజే బడిలో చెప్పించాలి. విస్తరాకుల్లో ఉప్మా, స్టీలు గ్లాసులు, గుడ్డ బ్యానరు. సభ, డప్పు, కోలాటం అన్నీ పదింటి తర్వాత ఊళ్లో, బడి ఆవరణలో. ముఖ్య అతిథిని అక్కడికే పిలవాలి, ఆలస్యంగా వచ్చినా చెరువుకు నష్టం లేదు. జనవరిలో జరిగే ఫ్లెమింగో పండగకు కూడా వేదిక సూళ్లూరుపేట పట్టణంలోనే, పక్షులేమో పులికాట్‌లో, నేలపట్టులో.

శుభ్రం చేయడం కట్టకు, తూముకు, వినాయక నిమజ్జనం జరిగే రేవుకు పరిమితం చేస్తాం. విగ్రహాల ఇనుప చట్రాలు, చీరలు, ప్లాస్టిక్ పూలు అక్కడే దొరుకుతాయి. జమ్ము, తుంగ జోలికి పోవద్దు. జమ్మును నీటి మట్టం కింద కోస్తే మోడుకు గాలి అందక దుంప కుళ్లుతుంది. ఫిబ్రవరిలో నీళ్లు దిగుతుంటాయి కాబట్టి కోసిన మోడు బయటపడి మళ్లీ చిగురిస్తుంది, శ్రమంతా వృథా. నల్ల తుమ్మలు కొట్టొద్దు, కొంగలు రాత్రి వాలేది వాటి మీదే. సర్కారు తుమ్మ వేరే విషయం.

గుర్రపుడెక్క తీస్తామని ఉత్సాహపడేవాళ్లకు ఒక లెక్క చెబుతాం. దట్టంగా పెరిగినచోట చదరపు మీటరుకు 20 కిలోలు సులువుగా తూగుతుంది. పావు ఎకరం అంటే సుమారు 1000 చదరపు మీటర్లు, అంటే 20 టన్నులు. ట్రాలీకి మూడు టన్నులు వేసినా ఏడు ట్రిప్పులు. ట్రాక్టర్ దొరకని రోజు ముట్టుకోవద్దు. తీసినదాన్ని శిఖంలో కుప్ప పోస్తే తొలకరికి మళ్లీ నీళ్లలోకే తేలి వస్తుంది, ఎఫ్‌టీఎల్ బయటికే తోలాలి. మిగిలిన తెప్ప విడిపోయి రాకుండా అడ్డంగా వెదురు బొంగుల వరస తాడుతో కట్టాలి. మందు కొట్టిస్తే కుళ్లే మొక్క నీళ్లలోని ఆక్సిజన్‌ను లాగేసి చేపలు చస్తాయి. మురుగు ఆగకుండా ఏం చేసినా వచ్చే ఏడు అంతే తెప్ప ఉంటుంది.

ఆ వారంలోనే పక్షుల లెక్కను ఈబర్డ్ అనే పక్షుల వెబ్‌సైట్‌లో ఒక్కో చోటుకు ఒక్కో జాబితాగా, గణన ఫారంలో విడిగా ఎక్కిస్తాం. తీర్మానం నకలు సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఇచ్చి రసీదు తీసుకుంటాం, నీటిపారుదల ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్) ఆఫీసులో ఇన్‌వర్డ్ నంబరు వేయించుకుంటాం. నెల దాటినా సర్వే తేదీ రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు వేసి చెరువు మెమోయిర్ నకలు, గ్రామ నక్ష (పటం) అడుగుతాం. మెమోయిర్‌లో మత్తడి మట్టం, నీటి విస్తీర్ణం, ఆయకట్టు ఉంటాయి. సర్వే రోజున నీరటి, మత్స్య సంఘం అధ్యక్షుడు, ఇద్దరు శిఖం పట్టాదారులు అక్కడ ఉండి పంచనామా మీద సంతకాలు పెట్టాలి. పట్టాదారుల సంతకం లేని రాళ్లు ఎక్కువ కాలం నిలబడవు.